మొయినాబాద్ దాకా మెత్తగా

నిజమే చెప్తాను. వెనక సీట్లో కూర్చున్న పెద్దబాపు "అవ్వో!" అని అరిచినప్పుడు నాకు సంతోషం కలిగింది. చేవెళ్ల దాటగానే ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు తమ గేటు ముందు సొంతానికి ఒక స్పీడ్ బ్రేకర్ వేయించుకున్నారు. దాని మీద నా చిన్న కారు ఎగిరింది, పడింది, పడ్డాక కూడా ఊరుకోకుండా వెనక భాగం ఉయ్యాలలాగా ఊగుతూనే ఉంది. "నడుము ఇరిగింది బిడ్డా! గిట్లనా నడిపేది?" అన్నాడు. నేను అద్దంలో చూశాను. ముందు ఇంకో గుంత వస్తోందని ఆయనకు తెలిసింది. రెండు అరచేతులూ సీటుకు ఆనించి, ఒళ్ళు కొంచెం పైకి లేపి, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. అది చూడగానే నా సంతోషం కాస్తా పోయింది. అట్లా చేతుల మీద లేవడం మా అమ్మది. ఈ రోడ్డు మీదే, ఇట్లాగే లేచేది. అమ్మ చేతులు ఈ మనిషికి ఎట్లా వచ్చాయని నా ఒళ్ళు మండిపోయింది.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. ఎనభై ఎప్పుడో దాటాయి. తుంటికి ఆపరేషన్ అయింది, వారం వారం పట్నం పోయి దవాఖానలో చూపించుకుని, కాలుకు వ్యాయామం చేయించుకుని రావాలి. ఆయనకు ఇద్దరు కొడుకులు. ఒకడు ప్లాట్లు అమ్ముతాడు, ఇంకొకడు ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా నిలబడి ఓడిపోతాడు. ఇద్దరికీ మనిషెత్తు కార్లున్నాయి. వాటిలోకి ఎక్కాలంటే కాలు ఎత్తాలి, ఆయన కాలు అంత ఎత్తు లేవదు. కాబట్టి పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "నీ బండి కిందికుంటది గద బిడ్డా, జర తీస్కపోరాదు?" అంది. బడి ఉద్యోగం అయిపోయి చేవెళ్లలో ఒక్కదాన్నే ఉంటూ కథలు రాసుకుంటానని అందరికీ తెలుసు. మా వాళ్ళ దృష్టిలో కథలు రాయడమంటే పనేమీ లేకపోవడం. కుదరదని మొహం మీదే చెప్పాల్సింది. అడిగింది పెద్దమ్మ కాబట్టి చెప్పలేకపోయాను. ఆ ఇంట్లో మా అమ్మ నడుముకు వేడి ఇటుకతో కాపడం పెట్టిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

ఆయన అట్లా అరిచిన మర్నాడే బండిని మొయినాబాద్‌లో జహీర్ షెడ్డుకు తీసుకుపోయాను. ఆయనేదో నొచ్చుకున్నాడని కాదు. ఆ చేతులు అద్దంలో ఇంకోసారి చూడలేక. జహీర్ డిక్కీ మీద రెండు చేతులూ వేసి గట్టిగా ఒత్తి వదిలాడు. "సూడుండ్రి మేడం, ఒత్తి ఇడిస్తే ఒక్కసారి లేశి నిలబడాలె. ఇది డాన్స్ చేస్తున్నది. షాకప్‌లు ఖతం" అన్నాడు. చక్రం వెనక చేయి పెట్టి తీసి చూపించాడు, వేళ్ళకు నల్లటి నూనె అంటుకుంది. షాకబ్జర్లో ఉండాల్సిన నూనె కారిపోయిందట. అది లేకపోతే స్ప్రింగు ఎగరడమే గానీ దాన్ని పట్టి ఆపేవాళ్ళు ఉండరట. తర్వాత షెడ్డు మూల నుంచి బొద్దుగా ఉన్న రెండు స్ప్రింగులు తెచ్చి నా ముందు పెట్టాడు. "ఎంకపల్లి కూరగాయలోళ్ళందరు గివే ఏపిచ్చుకుంటరు. డిక్కీల ఎన్ని మూటలేసినా బండి కూసోదు" అన్నాడు. "మూటలు లేకపోతే?" అని అడిగాను. "లేకుంటే జర గట్టిగ కొడ్తది. ఏమున్నది, బియ్యం మూటలు ఏస్కోని తిరుగుడే" అని నవ్వాడు. నేను నవ్వలేదు. వాటిని నా ముందు నుంచి తీసేయమన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పాపం జహీర్ మొహం చిన్నబోయింది.

నా చిన్నప్పుడు మాది చేవెళ్లలో దుకాణం ఇల్లు. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో నడుము వంచి దాటాల్సిన ఒక పొట్టి తలుపు. బెల్లం, ఎండుమిర్చి, ఇంగువ, గోనెసంచుల దుమ్ము, కిరసనాయిలు, అన్నీ కలిసిన ఒక వాసన ఆ తలుపులోంచి ఇంట్లోకి వచ్చి అన్నానికీ బట్టలకూ మా జడలకూ పట్టుకునేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల నా తల వాసన చూస్తే ఆకలేస్తుందనేది. పెద్దబాపు కోడి కూయకముందే లేచేవాడు. చన్నీళ్ళ స్నానం, బొట్టు, దేవుడి ముందు కాసేపు గొణుగుడు, ఆ తర్వాత కారు. దాని తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడుతుండేది. తలకు చుట్టిన తువ్వాల విప్పి కారు అద్దాలు తుడిచేవాడు, అదే తువ్వాలతో తన మొహం తుడుచుకునేవాడు. మోకాలితో డిక్కీని ఒకసారి పొడిచి చూసేవాడు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ఆయనకు పట్టేది కాదు. కారు కొత్తగా ఎక్కడైనా కిర్రుమంటే మాత్రం మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచి పోయి చూసేవాడు.

మనుషులు కూర్చోవడానికి తయారైన కారు అది, ఆయన చేతికొచ్చాక ఎడ్లబండి అయింది. వెనక చక్రాల మీద స్ప్రింగుల్లా పనిచేసే కమాను పట్టీలకు ఇంకొన్ని పట్టీలు జోడించి లారీకి వేసినంత గట్టిగా చేయించాడు. బెల్లం, చక్కెర, బియ్యం మూటలు డిక్కీ నిండా కుక్కినా కారు వెనక్కి కుంగేది కాదు. దుకాణానికి వచ్చినవాళ్ళను బయటికి పిలిచి మరీ చూపించి మురిసిపోయేవాడు. మూటలున్నంతసేపూ అది మంచి కారే. బరువుకు పట్టీలు వంగి, గుంతలో పడ్డా మెత్తగా లేచేది. ఖాళీగా ఉంటే మాత్రం ఆ పట్టీలు ఇసుమంతైనా వంగేవి కావు, రోడ్డు మీది ప్రతి రాయీ నేరుగా వెన్నుపూసకు తగిలేది.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. బాలింతను తీసుకురావాలన్నా, ముసలివాళ్ళను దవాఖానకు తీసుకుపోవాలన్నా ముందు డిక్కీలో బియ్యం మూటలు వేసేవాళ్ళు, అవి పోయినంత దూరం పోయి మళ్ళీ ఇంటికే వచ్చేవి. "మూటలేసిన్రా?" అని అడగకుండా మా నాయనమ్మ కారెక్కేది కాదు. వేరే ఇళ్ళలో ప్రయాణానికి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, మా ఇంట్లో డిక్కీ తెరిచి చూసేవాళ్ళు. దవాఖానకు పోతూ కూడా బేరం వదలరని ఊళ్ళో జనం నవ్వుకునేవాళ్ళు. అవి అమ్మకానికి కావు, మెత్తదనానికని మాకు తెలుసు. ఒక్క మా అమ్మ విషయంలో మాత్రం ఆ జనం అన్నదే నిజం.

అమ్మ ఆ ఇంటికి చిన్న కోడలు. బావి నీళ్ళు చేదడం, దుకాణంలోంచి నూనె డబ్బాలు వంటింటికి మోయడం ఆమె పని. ఒక వానాకాలం ఆ పొట్టి తలుపు దగ్గర డబ్బాతో వంగిన మనిషి మళ్ళీ లేవలేదు. నడుములో ఎముక పక్కకు జరిగిందన్నారు. పట్నంలో పెద్ద దవాఖానలో వారం వారం పడుకోబెట్టి, నడుముకు బరువులు కట్టి లాగాలన్నారు. పెద్దబాపు ఎట్లాగూ వారం వారం సరుకు కోసం పట్నం పోయేవాడు. "నేనెట్లయిన పోతున్న గద, ఎక్కుమనుండ్రి" అన్నాడు. ఇంట్లో అందరూ ఆయనది ఎంత మంచి మనసో అని చెప్పుకున్నారు. అమ్మకు తోడుగా నన్ను ఎక్కించేవాళ్ళు.

మొయినాబాద్‌లో మాకు ఇంకో దుకాణం ఉండేది. దాన్ని బాపు చూసుకునేవాడు, పొద్దున్నే బస్సుకు పోయేవాడు. కారులో చేవెళ్ల నుంచి వచ్చే మూటలు ఆ దుకాణానికి. కాబట్టి మొయినాబాద్ దాకా అమ్మ మెత్తగా పోయేది. కిటికీలోంచి జొన్నచేలు చూసేది, నా జడ విప్పి మళ్ళీ అల్లేది, ఒక్కోసారి సన్నగా ఏదో పాడుకునేది కూడా. ఇంట్లో అమ్మ పాడగా నేను ఎప్పుడూ వినలేదు. మొయినాబాద్‌లో కారు ఆగేది. బాపు బయటికి వచ్చి డిక్కీ తెరిచి ఒక్కో మూటా భుజానికెత్తుకునేవాడు. మూట మూటకూ కారు వెనక భాగం కొంచెం కొంచెంగా పైకి లేచేది, దాంతోపాటు మేమూ లేచేవాళ్ళం. అమ్మ పాట ఆగిపోయేది. బాపు మా కిటికీ పక్కనుంచే నడిచేవాడు గానీ ఒక్కసారి కూడా లోపలికి చూసేవాడు కాదు. అన్న ఉండగా భార్యను పలకరిస్తే మర్యాద పోతుందని ఆయన భయం. ఆ మర్యాదను నేను ఈ రోజుకీ క్షమించలేదు.

అక్కడి నుంచి పట్నం దాకా అమ్మ తన చేతుల మీదే పోయేది. ఆ రోడ్డు మీది గుంతలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. గుంత రాకముందే అరచేతులు సీటుకు ఆనించి, ఒళ్ళు లేపి, ఊపిరి బిగబట్టేది. దాటాక మెల్లగా దిగేది. దిగీ దిగకముందే ఇంకోటి వచ్చేది. మూలుగు బయటికి రాకుండా కొంగు నోట్లో పెట్టుకునేది. దవాఖాన చేరేసరికి ఆమె అరచేతుల్లో సీటు గుడ్డ నేత అచ్చులు పడి ఉండేవి. నర్సమ్మ చూసి అడిగితే చేతులు చీరలో దాచుకునేది. తిరిగి వచ్చేటప్పుడు పట్నం సరుకు ఉండేది కాబట్టి కారు మెత్తగానే ఉండేది. కానీ అప్పుడు సీటు మీద కూడా సరుకే. పొద్దుటంతా లాగించుకుని సరిచేసుకున్న నడుమును సబ్బుల పెట్టె పక్కన వంకరగా ఒరిగించి ఇల్లు చేరేది.

అమ్మ ఒక్కసారే అడిగింది. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావతో ఎదురుగా మాట్లాడదు, బావ ఆమె వైపు తిరిగి చూడడు. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో పిల్లలుండాలి. ఒక రోజు మొయినాబాద్ ఇంకా రాకముందే అమ్మ నా చెవి దగ్గర, "మీ పెద్దబాపుకు చెప్పు బిడ్డా, ఇయ్యాల రెండు మూటలన్న ఉండనియ్యుమని. వచ్చేటప్పుడు దించుకోవచ్చని" అంది. నేను ముందు సీటు మీదికి వంగి చెప్పాను. కారు నడుపుతున్న పెద్దబాపు తల తిప్పలేదు. "మూటలు షికారుకు రావని చెప్పు మీ అమ్మకు" అన్నాడు. నేను చెప్పాల్సిన పనే లేదు, అమ్మ అక్కడే ఉంది, విన్నది. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి ఆమె వైపు తిరిగి ఆ మాట పొల్లుపోకుండా అప్పజెప్పాను. "సరేనని చెప్పు" అంది అమ్మ. అదీ చెప్పాను. వాళ్ళిద్దరి మధ్యా నేను ఎరిగినంతలో అదే అన్నిటికంటే పెద్ద సంభాషణ.

కొన్నేళ్ళకు పెద్దబాపుకే మొలల ఆపరేషన్ అయింది. కట్టు మార్పించుకోవడానికి డ్రైవర్ను పెట్టుకుని, వెనక సీట్లో దిండు మీద కూర్చుని పట్నం పోయేవాడు. ఆ రోజుల్లో బియ్యం మూటలు మొయినాబాద్‌లో దిగలేదు. బాపు దుకాణం గడప మీద నిలబడి చూస్తుండగా కారు ఆగకుండానే పోయింది. మూటలు పట్నం పోయి, దవాఖాన ముందు నీడలో నిలబడి, సాయంత్రానికి తిరిగి చేవెళ్ల వచ్చాయి. శుభ్రంగా షికారు చేసి వచ్చాయి.

అమ్మ నడుము బాగుపడలేదు. కొన్నాళ్ళకు పట్నం పోవడమే మానేసింది, "తక్కువైంది" అని అందరితో చెప్పి. చివరి రోజుల్లో నేలను చూస్తూ నడిచేది, మనిషి మొహం చూడాలంటే గోడ పట్టుకుని నిలబడేది. ఆమె పోయి చాలా కాలమైంది. ఇన్నేళ్ళూ పెద్దబాపుకు నేను ఒక్క సందు మిగిల్చి పెట్టాను. ఆయన పద్ధతి మనిషి కదా, వెనక్కి తిరిగి చూసేవాడు కాదు కదా, నొప్పి అని వినడమే తప్ప ఆ చేతులను కళ్ళారా చూడలేదేమో, చూస్తే రెండు మూటలు ఉంచేవాడేమో. ఆ ఒక్క "ఏమో" పట్టుకునే నేను వాళ్ళ గడప తొక్కగలిగాను, పెళ్ళిళ్ళలో వాళ్ళ పక్కన కూర్చుని భోజనం చేయగలిగాను. అది నిజమో కాదో ఆయన నోటితోనే వినాలని ఎప్పుడూ ఉండేది. అడిగే ధైర్యం మాత్రం ఉండేది కాదు.

జహీర్‌తో, "నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచివి వెయ్యి, మెత్తగా పోవాలి" అన్నాను. గ్యాస్ నింపిన కొత్త రకం షాకబ్జర్లు తెచ్చాడు. వాటికి తగ్గ స్ప్రింగులు, కొత్త రబ్బరు బుష్‌లు వేశాడు. "ముందుయి గూడ పోయే దశల ఉన్నయ్ మేడం. నాలుగు ఒక్కసారి మారిస్తె బండి బరాబర్ ఉంటది" అని పట్టుబట్టాడు. ముందు కూర్చునేది నేనే కదా, నాకేం ఫికర్ లేదు, వెనకవే చాలన్నాను. పని అయ్యాక డిక్కీ ఒత్తి వదిలాడు. ఒక్కసారి లేచి బుద్ధిగా నిలబడింది. బండిని అతణ్ణే నడపమని నేను వెనక, అమ్మ కూర్చునే వైపు కూర్చున్నాను. మొయినాబాద్ నుంచి పట్నం వైపు కొంత దూరం పోయి వచ్చాం. గుంత వచ్చినప్పుడల్లా నా చేతులు వాటంతట అవే సీటుకు ఆనుకున్నాయి, ప్రతిసారీ అనవసరంగానే. పాతవి తీసి షెడ్డులో ఒక మూలకు పడేసి ఉన్నాయి, మూరెడు పొడుగు జిడ్డు గొట్టాలు. ఇంత చిన్న వస్తువుతో అయ్యే పని. అది కూడా అక్కర్లేదు, రెండు మూటలు దించకపోతే సరిపోయేది. నాకు ఏడుపొచ్చింది. జహీర్ చూసి, బండిలో ఏదో లోపం ఉందనుకుని మళ్ళీ కిందికి దూరాడు.

తర్వాతి వారం పెద్దబాపును ఎక్కించుకున్నాను. ఫంక్షన్ హాలు స్పీడ్ బ్రేకర్ రాగానే చేతులు ఆనించాడు. కారు లేచింది, దిగింది, అంతే. "అరే" అన్నాడు. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని, "మూటలేసినవా బిడ్డా?" అన్నాడు. లేదు, షాకబ్జర్లు మార్పించానన్నాను. "మంచిగ చేసినవ్" అని సీటుకు జారబడ్డాడు. జొన్నచేలు ఉన్న చోట ఇప్పుడు ఫాంహౌసుల గోడలున్నాయి, గోడల మీద గాజుపెంకులున్నాయి, గేట్ల ముందు మనిషిని పురుగును చూసినట్టు చూసే కాపలావాళ్ళున్నారు. ఊళ్ళ పేర్లు పోయి వెంచర్ల పేర్లు వచ్చాయి. చందనవెల్లి ఫ్యాక్టరీలకు పోయే లారీలు పక్కనుంచి దుమ్ము కొట్టి పోతున్నాయి. ఏదీ ఆయన నిద్ర చెడగొట్టలేదు. మొయినాబాద్ ఇంకా రాకముందే నోరు తెరుచుకుని గురక పెట్టడం మొదలుపెట్టాడు. ఈ రోడ్డు మీద మా అమ్మ ఒక్క కునుకు తీయలేదు.

మొయినాబాద్‌లో కారు పక్కకు తీసి ఆపాను. మా దుకాణం ఉన్న చోట ఇప్పుడు ప్లాట్ల ఆఫీసు ఉంది. దాని ముందు ఫ్లెక్సీలో ఆయన కొడుకు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. కారు ఆగేసరికి పెద్దబాపుకు మెలకువ వచ్చింది.

"ఎందుకాపినవ్ బిడ్డా?"

"ఇక్కడ మూటలు దించుతుండె. యాదికున్నదా?"

"ఎందుకు లేదు. మీ బాపే దించుతుండె."

"దించినంక అమ్మకు ఎట్లుంటుండెనో తెల్సా నీకు?"

ఒక లారీ పక్కనుంచి పోయింది, కారు కొంచెం కదిలి ఊరుకుంది. తెలియదని చెప్పు పెద్దబాపూ అని లోపల అనుకుంటున్నాను. అబద్ధమైనా సరే, ఆ ఒక్క మాట చాలు, ఇన్నేళ్ళ నా "ఏమో" నాకు మిగులుతుంది.

"తెల్సు" అన్నాడు. "అద్దంల కనపడుతుండె. చేతుల మీద లేస్తుండె గద మీ అమ్మ. గుంతలన్ని ఆమెకు ఎర్కనే. ఆమె లేశిందంటే ముంగట గుంత ఉన్నట్టే. నేను రోడ్డు సూడకున్నా అద్దంల ఆమెను సూశి బ్రేకు ఏస్తుంటి, కమాన్లు ఇరగొద్దని."

పశ్చాత్తాపం లేదు, పొగరు కూడా లేదు. కారు నడిపే కిటుకు ఒకటి చెప్తున్నట్టు చెప్పాడు. అద్దంలో ఆయన మొహం కనిపిస్తోంది. పోయిన వారం ఆయన నొప్పితో అరిస్తే నేను సంతోషించి ఇదే అద్దంలో చూశానని గుర్తొచ్చింది. నాది కూడా ఆ ఇంటి రక్తమే. ఆ సంగతి మీద కూడా నాకు కోపం వచ్చింది.

దిగి వెనక తలుపు తెరిచాను. "దిగు పెద్దబాపూ."

"పట్నం ఇంక రాలే గద?"

"ముందు కూసో."

"వెనక మంచిగున్నది గద బిడ్డా. మెత్తగున్నది."

"అందుకే" అన్నాను.

చంక కింద చేయి వేసి లేపాను. ఆయన కాలు నొప్పి పుట్టకుండా జాగ్రత్తగానే దించాను, ముందు సీట్లో జాగ్రత్తగానే కూర్చోబెట్టాను, బెల్టు పెట్టాను. వెనక తలుపు మూసి స్టీరింగ్ ముందు కూర్చుని బండి కదిలించాను. ఊరు దాటగానే గుంత వచ్చింది. ముందు చక్రాలు దబ్బున పడ్డాయి. పెద్దబాపు పక్కనున్న పిడి పట్టుకుని, "ముందుయి మార్పియ్యలేదా బిడ్డా?" అన్నాడు. లేదన్నాను. వచ్చే వారం మార్పిస్తావా అన్నాడు. నేను గేరు మార్చాను. వచ్చే వారం కూడా తీసుకుపోతాను, ఈ సీట్లోనే.

అద్దంలో చూశాను. అమ్మ కూర్చునే వైపు, ఎండ పడిన ఖాళీ సీటు ఒక్కసారి లేచి, మెత్తగా దిగి, పట్నం దాకా అట్లాగే వచ్చింది.